ఆఫీసక్క ఏ పని ఎట్లా చేసేదో అందరం కలిసి రాసి పెడదాం

స్వర్ణముఖి | 2025 మే 18, ఉదయం 7:40

అక్క పెద్దకర్మ మొన్న అయిపోయింది. ఇరవై ఏడేళ్లు మన బడి ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్న మనిషి. టీచర్లు మారినారు, కొట్టం పోయి మిద్దె వచ్చింది, చిత్తూరు జిల్లాలో ఉన్న బడి 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆఫీసులో మాత్రం ఎప్పుడూ ఆమే.

ఆమె గురించి చెప్పుకోవాల్సిన మంచి మాటలు కర్మ రోజు చెప్పుకున్నాం. ఇక్కడ ఇంకో పని చేద్దాం. జూన్ 12న బడి తెరుస్తారు. ఆ బల్ల దగ్గర కూర్చోబోయే అమ్మాయి చేతికి తాళాల గుత్తి ఇచ్చినాం గానీ, అక్క పద్ధతులేవీ ఎక్కడా రాసి లేవు. ఏ పని ఎట్లా చేసేదో, ఎందుకు అట్లానే చేసేదో, ఎవరికి తెలిసింది వాళ్లు రాయండి. పని రాయండి, కొలతతో సహా.

పాతలెక్కలు | మే 18, ఉదయం 9:15

అడ్మిషన్ రిజిస్టరుతో మొదలుపెడతా. మిగతా కాగితాలన్నీ దాన్లోంచి పుట్టేవే.

పిల్ల చేరిన రోజే అక్క రిజిస్టరులో రాయదు. ముందు దరఖాస్తు కాగితం మీద పెన్సిలుతో నింపుతుంది: ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం. దాన్ని తల్లిదండ్రులకు గట్టిగా చదివి వినిపిస్తుంది. వాళ్లు ఔనన్నాక సంతకం. వేలిముద్ర అయితే దాని పక్కన "చదివి వినిపించాను" అని రాసి తన సంతకం, తేదీ. మూడు రోజులాగి, జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు నల్లసిరాతో రిజిస్టరుకు ఎక్కిస్తుంది. ఈ మూడు రోజుల్లోనే "అబ్బే, అది వాళ్ల అన్న పుట్టిన తేదీ" అని తల్లులు పరిగెత్తుకొచ్చేది.

జెల్ పెన్ను రిజిస్టరు దగ్గరికి రానిచ్చేది కాదు. వానాకాలం తేమకు ఆ సిరా ఎదురు పేజీకి అంటుకుంటుంది. తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. అంకెల్లో 1ని 7 చేయడం ఒక గీత పని. "ఒకటి"ని "ఏడు" చేయడం ఎవరి తరమూ కాదు.

తప్పు పడితే తెల్లరంగు పూయకూడదు, బ్లేడుతో గీకకూడదు. పాత అక్షరాలు కనబడేటట్టు ఎర్రసిరాతో ఒకే గీత. పైన సరైన మాట. పక్కన పొట్టి సంతకం, తేదీ, ఏ కాగితం చూసి దిద్దినారో దాని నంబరు. కింద ఏముండిందో కనబడకుండా చేస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ఆ ఒక్క వరుసను కాదు, పేజీ మొత్తాన్ని అనుమానిస్తారు.

తలకోన | మే 18, ఉదయం 11:02

పేర్ల సంగతి నేను రాస్తా, ఎక్కువ గొడవ దాంట్లోనే.

మన వైపు ఇంటిపేరు ముందుంటుంది. ఆధార్‌లో ఒకరికి అది పొడి అక్షరం, ఒకరికి పూర్తి మాట, ఇంకొకరికి పేరు వెనక. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టలైన యూడైస్‌లో పిల్లవాడి పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. లేకుంటే సరిచూపు దగ్గరే ఆగిపోతుంది, అపార్ (పిల్ల చదువు రికార్డంతటికీ ఒకటే ఉండే) నంబరు రాదు.

అక్క పెట్టిన వరుస ఇది: మొదట పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో జనన ధ్రువపత్రం సరిచేయించుకోవాలి. దాన్ని చూపించి ఆధార్. ఆఖరున బడి రిజిస్టరు. చాలామంది దీన్ని తిరగేస్తారు, ఎందుకంటే ఆధార్ కేంద్రం దగ్గర్లో ఉంటుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. తొందరపడి ఒకటి వాడేసుకున్నాక జనన పత్రంలో ఇంకోలా ఉందని తేలితే, ఇక మిగిలింది ఒకటే. తేదీ విషయంలో అదీ లేదు.

ఇంకొకటి. 5 ఏళ్లు నిండినప్పుడు, 15 నిండినప్పుడు పిల్లల వేలిముద్రలు ఆధార్‌లో మళ్లీ ఇవ్వాలి. ప్రతి జూన్‌లో అక్క ఆ ఏడాది 5కి, 15కి వచ్చే పిల్లల జాబితా రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించేది. 15 ఏళ్ల వాళ్లవి అయిపోయేదాకా ఆ కాగితం తీసేది కాదు. ఓపెన్ స్కూలు పరీక్ష పెట్టుకుని ఆధార్ పనిచేయకపోతే ఆ ఇంట్లో ఎంత కంగారో!

కొత్తరిజిస్టరు | మే 18, మధ్యాహ్నం 2:30

నమస్కారం. ఆఫీసులో కూర్చోబోయేది నేనే. అసలు జనన ధ్రువపత్రమే లేని పిల్లల్ని అక్క ఎట్లా చేర్చుకునేవారు? యానాది కాలనీ నుంచి వచ్చే పిల్లల్లో సగం మందికి లేదని విన్నాను.

పాతలెక్కలు | మే 18, మధ్యాహ్నం 3:10

ముందు చేర్చుకో తల్లీ. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ తిప్పి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 14వ సెక్షనే చెబుతుంది. టీసీ ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండూ అక్క బల్ల అద్దం కింద తెలుగులో రాసి ఉంటాయి, చూడు.

తర్వాత వెతుకులాట. ఆస్పత్రి రికార్డు, ఏఎన్‌ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రిజిస్టరు. ఈ మూడింట్లో ఏదో ఒకటి దాదాపు దొరుకుతుంది. ఏదీ దొరక్కపోతే తల్లిదండ్రుల ప్రమాణ పత్రం. పుట్టి ఏడాది దాటినాక జననం నమోదు చేయించాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. పంచాయతీ నుంచి "మా రికార్డులో లేదు" అనే పత్రం తీసుకుని దాంతో దరఖాస్తు. ఈ పనికి అక్క ఆ తల్లి వెంట తానే పోయేది, ఒంటరిగా పంపేది కాదు.

అన్నిటికంటే ముఖ్యం: తేదీ తెలియదని జూన్ 1 వేసేయొద్దు. చాలా చోట్ల అదే అలవాటు. అక్క తల్లిని కూర్చోబెట్టి అడిగేది. గంగజాతరకు ముందా వెనకా? అప్పుడు చెనక్కాయలు పీకుతా ఉండినారా, విత్తుతా ఉండినారా? సంక్రాంతికి బిడ్డ బోర్లా పడిందా? పుట్టినది ఏ వారం? అవన్నీ రాసుకుని ఆ ఏటి పంచాంగం తీసి చూస్తే నెల చాలావరకు తేలుతుంది, వారం కూడా తెలిస్తే నాలుగైదు తేదీలే మిగులుతాయి. ఆ కాగితం కూడా దరఖాస్తుకు కుట్టేసేది.

కోటదారి | మే 18, రాత్రి 8:45

అక్క చేసిన పనుల్లో పిల్లల బతుకు మీద ఎక్కువ ప్రభావం చూపింది స్టడీ సర్టిఫికెట్ల కట్ట. దీని గురించి కొంచెం పొడుగ్గా రాయక తప్పదు.

మన బడికి గుర్తింపు 8వ తరగతి వరకే. తర్వాత రెండేళ్లు పిల్లలు ఇక్కడే కూర్చుని కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలైన ఎన్‌ఐఓఎస్ పదో తరగతి రాస్తారు. 14 ఏళ్లు నిండి ఉండాలి, కనీసం ఐదు సబ్జెక్టులు, పాస్ మార్కు 33 శాతం, ఏడాదికి రెండు విడతల పరీక్షలు (ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు), ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. చదువు వరకు ఇది మన పిల్లలకు బాగా సరిపోతుంది. చిక్కంతా పదేళ్ల తర్వాత, ఉద్యోగ దరఖాస్తులో "స్థానికత" అనే గడి దగ్గర.

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, పదో తరగతి పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. అంటే 7, 8, 9, 10. మన పిల్లల చేతిలో 7, 8కి మన స్టడీ సర్టిఫికెట్ ఉంటుంది. 9, 10కి ఏ గుర్తింపు పొందిన బడీ లేదు. ఆ నాలుగేళ్లలో కొంత భాగం విద్యాసంస్థలో చదవని వాళ్లకు నివాసం లెక్కలోకి వస్తుంది. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి.

ఇక్కడే అందరూ పొరబడేది. 9, 10కి సంబంధించిన రెండేళ్లకే నివాస పత్రం తెచ్చుకుంటారు. నిబంధన అడిగేది పరీక్ష మొదలయ్యే తేదీకి ముందు నిండుగా నాలుగేళ్ల నివాసం. అక్క ఆ దరఖాస్తు తానే రాసేది. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు" అని రెండు తేదీలు వేసి, రేషన్ కార్డు నకలు, మన 7, 8 తరగతుల సర్టిఫికెట్లు, ఎన్‌ఐఓఎస్ హాల్‌టికెట్టు జతచేసేది. పరీక్ష అయిన నెలలోపే చేయించేది. పదేళ్లాగి పోతే ఆ ఊళ్లో వీఆర్వో మారిపోయి ఉంటాడు, కుటుంబం బెంగుళూరుకో చెన్నైకో పోయి ఉంటుంది, సాక్ష్యం చెప్పే ముసలివాళ్లు ఉండరు.

బడి వదిలి పోయేటప్పుడు ప్రతి పిల్లకూ గుడ్డ అతికిన అట్ట ఫైలు ఒకటి ఇచ్చేది. అందులో టీసీ, 1 నుంచి 8 దాకా స్టడీ సర్టిఫికెట్లు (తరగతికి ఒక వరుస, అన్నీ ఒకే కాగితం మీద కాకుండా రెండు కాగితాలు), నివాస పత్రం, కుల ధ్రువపత్రం, ఎన్‌ఐఓఎస్ మార్కుల పత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్. అన్నీ మూడు నకళ్లు. ఒక సెట్టు బడిలోనే ఉంటుంది, అడ్మిషన్ నంబరు ప్రకారం. వానకు ఇల్లు కురిసి ఫైలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఆ సెట్టుతోనే గట్టెక్కినారు.

తలకోన | మే 18, రాత్రి 9:20

ఒక చేర్పు. 2022 తర్వాత ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లలో అక్క జిల్లా పేరు రెండు విధాలా రాసేది: "చదివిన కాలంలో చిత్తూరు జిల్లా, ప్రస్తుతం తిరుపతి జిల్లా". ఆ ఒక్క వాక్యం లేకపోతే పాత సర్టిఫికెట్టూ కొత్త సర్టిఫికెట్టూ వేర్వేరు బళ్లవని అనుకుంటున్నారు. రబ్బరు స్టాంపులు కూడా రెండూ ఉన్నాయి. పాతది పారేయలేదు, గుడ్డలో చుట్టి కింది సొరుగులో పెట్టింది. దాన్ని ఇప్పుడు ఎక్కడా వేయకూడదు, పాత కాగితం నిజమైనదో కాదో పోల్చి చూడటానికి మాత్రమే.

సంగటిముద్ద | మే 19, ఉదయం 6:20

వంటిల్లు ఆఫీసు పనేనా అని అడగొద్దండి, అక్క లెక్కలో ఆఫీసు కన్నా అదే ముందు.

పొద్దున 9:40కి హాజరు అయిపోతుంది. 9:45కి చీటీ వంటింటికి పోవాలి, పిల్లలు ఎందరు, పెద్దలు ఎందరు అని. సంగటికి లెక్క తలకు 100 గ్రాములు, పిండీ బియ్యమూ కలిపి. 60 మందికి 2 కిలోల బియ్యం, 4 కిలోల రాగిపిండి, 17 లీటర్ల నీళ్లు. బియ్యం గంట నానాల. మెత్తగా ఉడికి, గంజి ఇంకా పైన తేలుతా ఉండగానే పిండి కుప్పగా పోయాల. పోసి కలపకూడదు. తెడ్డు కాడతో మధ్యలో నాలుగు గుంతలు చేసి మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు వదిలేయాల. పిండి ఆవిరికి ఉడికినాక దించి గెలకాల. ముందే గెలికితే పచ్చిపిండి ఉండలు కడుతుంది, పైకి ముద్ద బాగానే ఉంటుంది, లోపల తెల్లగా పొడి. చిన్నపిల్లలకు ఆ ఉండలే కడుపునొప్పి. కొత్త వంటమనిషి వచ్చినప్పుడల్లా అక్క ఒక ముద్దను దారంతో మధ్యకు కోసి చూసేది.

చెనక్కాయలు పంట వచ్చినాకనే, ఏడాదికి సరిపడా, రైతు దగ్గరే. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గింజ గలగలమనాల. అనకపోతే తేమ ఉన్నట్టు, కొనొద్దు. గోనెసంచులు చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా పెట్టాల. ఊరుబిండికి (చెనక్కాయల పచ్చడి) గింజలు తీసేటప్పుడు బూజు పట్టినవి, ముడుచుకుని నల్లబడినవి, చేదువి ఏరి పారేయాల్సిందే. వేయిస్తే సరిపోతుందని కొందరు అంటారు. బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. ఏరే పనికి పెద్ద కళ్లజోడు పెట్టుకుని అక్కే కూర్చునేది, చేటలో పోసుకుని, కిటికీ వెలుతురుకు.

శనివారం సాయంత్రం సామాన్ల గది తూకం. పుస్తకంలో మిగులు ఎంత, తక్కెట్లో ఎంత. మరలో తరుగు, ఎలుకలు, చెయ్యి జారింది, ఏదైనా సరే నిజంగా ఏం జరిగిందో రాయాల. సరిపోయేటట్టు అంకె దిద్దడం ఆమె దగ్గర కుదిరేది కాదు. తేడా వచ్చిందని వంటామెను ఏమీ అనేది కాదు. కానీ తేడా ఏ వారం మొదలైందో వెనక్కి తిరగేసి పట్టుకునేది.

కార్డులపెట్టె | మే 19, ఉదయం 8:05

నీళ్ల ట్యాంకు కూడా రాసేయండి దీంట్లోనే. 2,000 లీటర్లకు 5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. నేరుగా ట్యాంకులో చల్లకూడదు. గిన్నెలో కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, ఇంకా నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి పైతేట మాత్రమే పోయాలి. గంట తర్వాతనే కుళాయి విప్పాలి. పొద్దున ఏడుకే వేస్తే పిల్లలు వచ్చేసరికి సరిపోతుంది. పౌడరు డబ్బా మూత వదిలేస్తే నెలలో సత్తువ పోతుంది, కొలత సరిగ్గా వేసినా నీళ్లకు పట్టదు. అందుకే అక్క పెద్ద సంచి కొనేది కాదు, చిన్న పొట్లాలే.

స్వర్ణముఖి | మే 19, ఉదయం 10:30

కొత్త అమ్మాయికి ఇది కూడా తెలియాలి. ఆఫీసుకు కాగితాలే కాదు, కోపం వచ్చిన పిల్లలూ వస్తారు. తరగతి నుంచి లేచిపోయిన పిల్లలు ఎక్కడికీ పోరు, నేరుగా అక్క బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. టీచర్లు పంపడం కాదు, వాళ్లంతట వాళ్లే.

వచ్చిన పిల్లను ఏమైంది అని అడిగేది కాదు. ముందు ఒక గ్లాసు నీళ్లు. తర్వాత చేతికి పని, తప్పకుండా రెండు చేతులూ కావాల్సిన పని. ఓచర్ల కట్టకు దారం కడుతుంటే ముడి దగ్గర వేలు పెట్టి పట్టుకోమనేది. బలపాలు విరిగినవి ఒక డబ్బాలో, నిండువి ఒక డబ్బాలో ఏరమనేది. తాను లెక్క రాసుకుంటూనే ఉండేది, తల ఎత్తేది కాదు. పావుగంట, ఇరవై నిమిషాలు. పిల్లే మొదలుపెట్టి చెప్పేది, లేకపోతే చెప్పకుండానే లేచి తరగతికి పోయేది. పోయేటప్పుడు "ఎన్ని బలపాలు తేలినాయి?" అని ఒక్కమాట. ఆ సంఖ్య స్టాకు పుస్తకంలో నిజంగా రాసేది. ఏడుస్తూ ఎంచిన పిల్ల లెక్క కూడా పుస్తకంలో ఉంటుంది, 1999 నుంచి ఆ పేజీలన్నీ ఉన్నాయి.

టీచరు వెనకాలే వచ్చి పిల్ల ముందు ఫిర్యాదు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి సాయంత్రం నాలుగున్నరకు రమ్మనేది. ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు.

పాతలెక్కలు | మే 19, మధ్యాహ్నం 12:15

పైది చదివి కాసేపు ఆగిపోయినాను. ఆ బల్ల కింద కుడివైపు చెక్క నున్నగా అరిగి ఉంటుంది, పిల్లల వీపులు ఆనుకుని ఆనుకుని.

సరే, వాన సంగతి. 2021 నవంబరు 18, 19 తేదీల వానలు తిరుపతివాళ్లు మరిచిపోయేవి కావు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించిన వారం అది. మన ఆఫీసులో మోకాలెత్తు నీళ్లు. కింది అరలో ఉన్న నాలుగు రిజిస్టర్లు తడిసినాయి. అక్క వాటిని ఎట్లా బతికించిందో క్రమంగా రాస్తా, ఎందుకంటే ప్రతి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ అవసరం రావచ్చు.

తడిసిన పుస్తకం తెరవొద్దు. మూసినట్టే పట్టుకుని, బురద ఉంటే మంచినీళ్లు పైపైన పోసి కడగాలి. పాత నూలుగుడ్డతో చుట్టి చేతులతో ఒత్తాలి, పిండకూడదు. తర్వాత అట్టలు వెడల్పుగా తెరిచి బల్ల మీద నిలబెట్టి, ఫ్యాను గాలి నేరుగా కాకుండా పక్కనుంచి తగిలేటట్టు పెట్టాలి. పేజీలు వాటంతట అవి విడవడం మొదలుపెట్టినాక ఇరవై పేజీలకొకటి చొప్పున తెల్లకాగితం దూర్చాలి, రెండు గంటలకోసారి మార్చాలి, తర్వాత పది పేజీలకొకటి. వార్తాపత్రిక వద్దు, దాని సిరా తడికి అంటుకుంటుంది. ఎండలో పెడితే ఒక్క పూటలో ఆరుతుంది గానీ కాగితం అప్పడంలా వంకర్లు పోతుంది, అక్షరం వెలిసిపోతుంది. అంటుకున్న పేజీలను గోటితో లాగొద్దు. కొద్దిగా తేమ ఉండగానే పైన బరువు పెట్టి మూయాలి. నాలుగు రిజిస్టర్లకు తొమ్మిది రోజులు పట్టింది. ఒక్క పేరు పోలేదు.

అప్పటి నుంచి కింది అర ఖాళీ. ముఖ్యమైనవి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో, బిగుతు మూతతో, బీరువా పైన. పుస్తకాల మధ్య వస కొమ్ము ముక్కలు గుడ్డలో మూటగట్టి. ఏ నాటుమందుల అంగట్లోనైనా దొరుకుతుంది, ఏడాదికోసారి మార్చాలి, వాసన పోతే పురుగు వస్తుంది.

పులిబొంగరం | మే 19, సాయంత్రం 5:50

ఇంత కష్టం దేనికి? అన్నీ స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టేస్తే సరిపోతుంది కదా. అక్కను గౌరవించడం వేరు, పాత పద్ధతిని పట్టుకుని వేలాడటం వేరు.

కోటదారి | మే 19, సాయంత్రం 6:40

స్కాన్ చేయాల్సిందే, అక్క కూడా కాదనలేదు. 2012 నుంచి రిజిస్టరులో పేజీ నిండినప్పుడల్లా ఫోటో తీయించి రెండు చోట్ల దాచింది. కానీ పాతికేళ్ల కింద చదివిన వాళ్ల వివరం సరిచూడమని లేఖ వస్తే, మూల రిజిస్టరు చూపించమనే అడుగుతారు. ఫోటో దారి చూపుతుంది, సాక్ష్యం పుస్తకమే. రెండూ ఉండాలి.

పాతలెక్కలు | మే 19, రాత్రి 8:10

కంప్యూటరు మాట వచ్చింది కాబట్టి అందరూ వినండి, ఇది తొందర పని. అక్క పద్ధతుల్లో మార్చుకోవాల్సింది ఒక్కటే: అన్ని పోర్టళ్లకూ ఆమె ఫోను నంబరే. యూడైస్, ఎన్‌ఐఓఎస్, ఆదాయపన్ను, బ్యాంకు, అన్ని ఓటీపీలూ దానికే. బడిని నడిపే సొసైటీకి కార్యదర్శి కూడా ఆమే.

వరుసగా చేయాల్సినవి. ఆ సిమ్ రీఛార్జి ఆగకుండా చూడమని వాళ్ల అబ్బాయితో మాట్లాడండి. ఆ నంబరుకు వచ్చే ఓటీపీతో ఏ ఫారమూ సంతకం చేయొద్దు, అది తప్పు. సిమ్ ఉంచమనేది నంబరు మార్పిడి అయ్యేదాకా సమాచారం పోకుండా ఉండటానికే. కమిటీ కూర్చుని కొత్త కార్యదర్శిని ఎన్నుకున్న తీర్మానం రాయాలి. సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోపు కొత్త కమిటీ జాబితా సొసైటీల రిజిస్ట్రారుకు. తీర్మానం, మరణ ధ్రువపత్రం నకలు పట్టుకుని బ్యాంకు. ఆ తర్వాత ఆదాయపన్ను పోర్టల్‌లో బాధ్యుల పేర్లు, నంబరు. యూడైస్‌కు ఎంఈవో ఆఫీసులో లేఖ.

ఎందుకింత తొందర అంటే, మన 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను తగ్గింపు) రిజిస్ట్రేషన్లు 2021లో తీసుకున్నవి, 2026 మార్చి 31తో ముగుస్తాయి. పునరుద్ధరణకు ఆరు నెలల ముందే ఫారం 10ఏబీ వేయాలి. అంటే 2025 సెప్టెంబరు 30. అక్క గోడ క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది, చూసినాను. ఈ ఏడాది ఏప్రిల్ 1 నుంచి 5 కోట్ల లోపు ఆదాయం ఉన్న సంస్థలకు 12ఏ పదేళ్లకు ఇస్తున్నారు. 80జి మాత్రం ఐదేళ్లే. రెండూ ఒకటే అనుకుని ఒకటి మరిచిపోవద్దు. దాతల పట్టిక ఫారం 10బీడీకి గడువు ఈ నెల 31. దానికి పన్నెండు రోజులే ఉంది. మన ఆడిటరుతో రేపే మాట్లాడతాను.

కొత్తరిజిస్టరు | మే 19, రాత్రి 8:55

రాసుకున్నాను. ఫీజు రసీదులు, విరాళం రసీదులు రెండు వేర్వేరు పుస్తకాలు కనిపించాయి. కొందరు తల్లిదండ్రులు ఫీజుకే 80జి రసీదు అడుగుతారట?

పాతలెక్కలు | మే 19, రాత్రి 9:05

అడుగుతారు. ఇవ్వకూడదు. ఫీజు అనేది చదువుకు బదులు ఇచ్చే డబ్బు, విరాళం కాదు. అక్క నవ్వుతూనే "ఆ పుస్తకం వేరే తాళంలో ఉందప్పా" అనేది. నగదు విరాళం 2,000 రూపాయలు దాటితే 80జి వర్తించదు, చెక్కు అడగాలి.

ఫీజు ఎవరు ఎంత కడతారో అక్కకు, కమిటీలో ఒకరికి తప్ప తెలియదు. జూన్‌లో అడగొద్దు. తోతాపురి మామిడి కోతలు జూన్, జూలైల్లో, ఆ కూలి చేతికి వచ్చినాకనే కాలనీ ఇళ్లలో డబ్బు ఉంటుంది. ఆగస్టు మొదటి వారంలో అక్క చీటీ రాసి పంపేది. చీటీలో అంకె ఉండదు, "వీలున్నప్పుడు ఒకసారి రండి" అని మాత్రమే. ఆ చీటీ పిల్ల చేతికి ఇచ్చేది కాదు.

పదిమందీ, అంతకన్నా ఎక్కువమందీ పనిచేసే చోట గ్రాట్యుటీ (పని వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) వర్తిస్తుంది, వంటామె, కాపలాదారు కూడా లెక్కే. చివరి జీతం × 15 ÷ 26 × చేసిన ఏళ్లు. నెలనెలా మూలవేతనంలో 4.81 శాతం పక్కన పెడితే జీతం పెరగనంత కాలం దాదాపు అంతే అవుతుంది, పెరిగితే పాత ఏళ్ల తేడా కూడా కలపాలి. అక్క ఆ ఖాతాను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు, జీతాలు ఆలస్యమైన 2020లో కూడా.

సంగటిముద్ద | మే 20, ఉదయం 6:35

హాజరు గురించి ఎవరూ రాయలేదే. అమ్మ ఒడి 2020 జనవరిలో మన చిత్తూరులోనే మొదలుపెట్టినారు, 75 శాతం హాజరు ఉండాలని నియమం ఉండేది. తక్కువైన పిల్లల తల్లులు వచ్చి బతిమాలితే నాలుగు రోజులు వేసేయడం చాలా సులువు. అక్క వేయలేదు. దానికి బదులు నెలాఖరున ప్రతి పిల్ల హాజరు లెక్కగట్టి, 80కి దిగిన వెంటనే ఇంటికి పోయి చెప్పేది, "ఇంకా ఎనిమిది రోజులే చేతిలో ఉండాయి" అని రోజుల్లో చెప్పేది, శాతాల్లో కాదు. చెప్పాల్సిన సమయానికి చెప్తే ఎవరూ దొంగలెక్క అడిగే పని ఉండదు. మామిడికాయల కాలంలో, చెనక్కాయలు పీకే కాలంలో ఈ లెక్క వారానికోసారి.

కార్డులపెట్టె | మే 20, ఉదయం 9:25

చివరగా పాఠాల కార్డులు. 1 నుంచి 4 తరగతులు ఒకే గదిలో కూర్చునే మన పద్ధతి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ కేంద్రం నుంచి నేర్చుకున్నది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు ఆ పద్ధతి చూసిపోయినాకనే కర్ణాటకలో నలికలి (ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతి) మొదలైంది. పిల్ల తన నిచ్చెన (పాఠాలు మెట్లుగా రాసిన పట్టిక) మీద తన మెట్టు చూసుకుని, ఆ బొమ్మ, ఆ నంబరు ఉన్న కార్డు తానే తీసుకుంటుంది. ఒక్క కార్డు లేకపోతే ఆ మెట్టు దగ్గర పిల్ల ఆగిపోతుంది. టీచరుకు వెంటనే తెలియదు, ఎందుకంటే ఆ పిల్ల అడగదు, పక్కవాళ్ల కార్డు చూస్తూ కూర్చుంటుంది.

అందుకే శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు లెక్క. బొమ్మ ప్రకారం కుప్పలు, కుప్పలో నంబరు ప్రకారం. లేనిది సోమవారం పొద్దునకల్లా కొత్తగా తయారవ్వాలి. వారం ఆగితే ఆ మెట్టు మీద నలుగురు పోగవుతారు. అట్ట మందంగా ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, కోసుగా ఉంటే అక్కడే చిరుగు మొదలవుతుంది. అంచులకు గుడ్డ టేపు. వెనక తయారుచేసిన తేదీ. ప్లాస్టిక్ పొర వేయిస్తే వెలుతురుకు మెరిసి చిన్నపిల్లలకు అక్షరం కనబడదు, అక్క వద్దనేది.

స్వర్ణముఖి | మే 20, ఉదయం 9:50

అన్నీ ఒక పుస్తకంగా కుట్టించి జూన్ 10 లోపు బల్ల మీద పెడతాను. ఇంకా గుర్తొచ్చినవి ఇక్కడే రాస్తూ ఉండండి.

కొత్తరిజిస్టరు | జూన్ 13, సాయంత్రం 4:10

ఈ రోజు శుక్రవారం, మొదటి లెక్క అయింది. 10బీడీ మే 30నే వెళ్లిపోయింది. బ్యాంకు పని సగం అయింది. నిన్న ముగ్గురు పిల్లలు బల్ల దగ్గరికి వచ్చారు. ఏమీ అడగలేదు, బలపాలు ఇచ్చాను. 214 నిండువి, 96 విరిగినవి. పుస్తకంలో రాశాను.

కార్డుల్లో పిచ్చుక బొమ్మ నిచ్చెనలో 14 లేదు. పెట్టె అంతా వెతికాం.

కార్డులపెట్టె | జూన్ 13, సాయంత్రం 4:25

అది కూడికల కార్డు, చేతికి దారం చుట్టుకునే బొమ్మ ఉంటుంది. బల్ల ఎడమ సొరుగులో అక్క కత్తిరించి పెట్టిన ఖాళీ అట్టలు ఉన్నాయి, మూలలు గుండ్రంగా చేసినవే. పాత నమూనా పుస్తకంలో 31వ పేజీ చూసి గీయండి. పిచ్చుక ముక్కు కుడివైపు తిరిగి ఉండాలి, ఎడమవైపు తిరిగితే అది వేరే నిచ్చెన. వెనక ఈ రోజు తేదీ వేయండి.